వాల్వు సెట్టు సీతారాములు

ఎల్బీనగర్‌లో మా కాలనీ శనివారం భజనకు ముందుపాట సీతారాములుది. వయసులో ఉన్నప్పుడు నల్లగొండ పల్లెల్లో మైకుసెట్టు కిరాయికి తిప్పిన మనిషి. ఆర్టీసీలో మెకానిక్ పని దొరికి ఇక్కడికొచ్చినా, రిటైరైనా, ఆ పాత వాల్వు ఆంప్లిఫయర్‌ని మాత్రం వదల్లేదు. స్విచ్ వేశాక అందులోని వాల్వులు, అంటే ఆ గాజు బుడ్లు, ఎర్రబడి వేడెక్కేదాకా అందరూ నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ఎవరైనా తొందరపడితే, "జర ఆగుండ్రి, పాణం ఒస్తున్నది" అని కసిరేవాడు.

ఈ వేసవిలో ఒక వాల్వు కాలిపోయింది. వాల్వు వెతికి మార్పించడమా, ట్రాన్సిస్టర్ సెట్టు కొనడమా అన్నది భజన కమిటీ ఆయనకే వదిలేసింది. వెనక వరసలో కూర్చునే కిష్టమ్మ మాత్రం, "ఏదన్న తేండ్రి గని, మాటలు సమజయ్యేది తేండ్రి" అంది.

కమిటీ అధ్యక్షుడు విశ్వేశ్వరరావుతో కలిసి సీతారాములు దిల్‌సుఖ్‌నగర్‌లో షాపుకు వెళ్లాడు. గాజులు కొనుక్కుందామని భార్య అండాలమ్మ కూడా వెంట వచ్చింది. షాపతను ట్రాన్సిస్టర్ సెట్టు పెట్టి, మైకు చేతికిచ్చి పాడి చూడమన్నాడు. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి పోయేసరికి గొంతు వణికింది, చీలింది. అంతా స్పష్టంగా వినపడింది. సీతారాములు పాట ఆపేశాడు.

"బాగలేదు సార్, గరగరమంటున్నది. వాల్వే ఏయిద్దాం."

"మీకు తెలిసినంత మాకేం తెలుస్తుందండీ, అలాగే కానివ్వండి," అని విశ్వేశ్వరరావు స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

మెట్రోలో అండాలమ్మ కాసేపు కొత్త గాజులు చూసుకుని, మెల్లగా అంది.

"సెట్టు మంచిగనే ఉన్నది. నీ గొంతే గట్లయింది. ఇంట్ల రోజూ వింటనే ఉన్న."

"మరి చెప్పకపోతివి?"

"శనివారం ఒస్తె నీ మొకం ఎట్ల ఎలుగుతదో నాకెర్కలేదా? ఎట్ల చెప్పాలె?"

ఆయనకు కోపమొచ్చింది. భార్య మీదా, షాపు మీదా, తన మీదా. వాల్వు సెట్టు మెత్తగా పలుకుతుంది. కిష్టమ్మకు మాటలు అందనివ్వని ఆ మెత్తదనమే ఆయన గొంతులో పగుళ్లనూ కప్పిపెట్టింది. ఎల్బీనగర్ స్టేషన్ మెట్లు దిగి విశ్వేశ్వరరావుకు ఫోన్ చేశాడు.

"సార్, గా ట్రాన్సిస్టర్ సెట్టే కొందాం."

"అదేంటండీ, గరగరమంటుందన్నారుగా?"

"గరగర దానిది కాదు సార్."

శనివారం కొత్త సెట్టు ఆయనే బిగించాడు. మైకు తీసుకెళ్లి, వంత పాడే అమల ముందు పెట్టాడు. తాను తాళాలు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. అమల బాగా పాడింది. చాలా బాగా పాడింది, అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

"సెట్టు మారంగనే పాటెంత సాఫ్‌గ వినపడ్డది సీతారాములూ! ముందుగాల్నే తేవాల్సింది," అంది కిష్టమ్మ. అందరూ సెట్టునే మెచ్చుకున్నారు. నువ్వెందుకు పాడలేదని ఒక్కరూ అడగలేదు.

ఇంటికి నడుస్తుంటే అండాలమ్మ అడిగింది.

"పాడబుద్ధి కాలేదా?"

"మస్తుగయింది," అన్నాడు సీతారాములు.