పేరు దాచి రాసిన వార్త

మొన్న పాండేసర నుంచి వస్తూ సూరత్ పక్కనున్న ఉధ్నా స్టేషన్‌లో నిలబడి ఉండగా, పొడవాటి గూడ్సు బండిని లాక్కుంటూ జంట పెట్టెల కొత్త కరెంటు ఇంజన్ ఒకటి నా ముందు నుంచి వెళ్లింది. అంత బరువు లాగుతున్నా సన్నని ఈల లాంటి రాగం తప్ప పెద్ద చప్పుడు లేదు. పక్కవాళ్లు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటుంటే నేను తల తిప్పుకున్నాను.

మా అక్క భర్త రైలు డ్రైవరు. మాలాగే కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబం. మరమగ్గాల హోరులో చెవులు పనిచేయవు కనుక, యంత్రం ఒంటికి అరచేయి ఆనించి దాని నడక కనిపెట్టడం చిన్నప్పుడే నేర్చాడు. బండి ఆగితే దిగి, ఇంజన్‌కు కూడా అలాగే చేయి ఆనించేవాడు. చాలా ఏళ్ల కిందట, అప్పటి కొత్త కరెంటు ఇంజన్ల మీద శిక్షణకు ఎంపికైన రోజుల్లో, ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ మెల్లగా అన్నాడు: "భయమైతాంది బామ్మర్దీ. తెర మీద అన్నీ వస్తయ్ గానీ చేతికేం తెలుస్తలేదు. జర అలవాటు కావాలె. ఎవ్వరితోని అనకు."

అప్పుడు నేనొక గుజరాతీ దినపత్రికలో విలేకరిని. కొత్త ఇంజన్ల మీద వ్యాసం రాయమన్నారు. పొగడ్తలతో నిండిన ఆ వ్యాసానికి ప్రాణమున్న మనిషి ఒకడు కావాలనిపించింది. బావ భయాన్ని రాసి, పేరూ ఊరూ తీసేసి, ఎంత జాగ్రత్తపడ్డానో అని మురిసిపోయాను. అరచేయి ముచ్చట మాత్రం వదులుకోలేకపోయాను. వ్యాసం మొదటి వాక్యమే అది.

అలా చేయి ఆనించే డ్రైవరు అక్కడ ఆయనొక్కడే. "క్యా డాక్టర్ సాబ్, ఇంజన్‌కో బుఖార్ హై క్యా?" అని, ఇంజన్‌కు జ్వరం చూస్తున్నాడన్నట్టు, డ్యూటీ గదిలో తోటివాళ్లు ఆటపట్టించారట. భయపడే మనిషికి కొత్త బండి ఎందుకని పై అధికారి ఆయన్ని శిక్షణ నుంచి తప్పించి, యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే పాత ఇంజన్ మీద వేశాడు. రిటైరయ్యేదాకా అదే పని.

వ్యాసం అచ్చయిన ఆ వారమే బావ పత్రిక పట్టుకుని వచ్చాడు. "పేరు దాసినవ్ గానీ, చెయ్యి దాయకపోతివి గదా" అని నవ్వబోయాడు. తప్పైందని అనవలసిన నోటితో, వ్యాసం బాగుందని అందరూ అంటున్నారు బావా అన్నాను.

ఇప్పటి కుర్రాళ్లు నమూనా ఇంజన్లలో కూర్చుని, తెలియదని నిర్భయంగా చెప్పి నేర్చుకుంటారట. బావ ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు. నా బీపీ గురించి, నా పిల్లల గురించి అడుగుతాడు. ఒంట్లో ఎలా ఉంది బావా అని నేనడిగితే మాత్రం, ఈసారి ఎండలు ముదిరినయ్ అంటాడు.