చావు గంటకి నాలుగో టేకు

ఒక మనిషిని పోకముందే చంపి, పోయాక పోలేదని ఊరందర్నీ నమ్మించినవాణ్ణి నేను. ఈ ఘనకార్యానికి నాకు కావలసివచ్చింది ఒక గంట, ఒక టేప్ రికార్డరు, ఇరవయ్యేళ్ల బుర్ర. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. చివర్లో మాత్రం కొంచెం చూసుకుని నవ్వండి.

అవి క్యాసెట్ల రోజులు. మండపేట దగ్గర మా ఊళ్లో నలుగురం కలిసి రాక్ బ్యాండ్ పెట్టాం. బ్యాండ్ అనగానే "ఏ పెళ్లికండీ?" అని అడిగేవారు. దాని పేరు "బూడిద" అని చెప్తే ఇంకేమీ అడిగేవారు కాదు. గిటారు, పాటలు రాయడం నా వంతు. డ్రమ్ములు సుధాకర్‌వి. మిగతా ఇద్దరూ నేనేమంటే దానికి తలూపేవారు. మొదటి ఆల్బమ్‌కి "గోతిలోంచి పిలుపు" అని పేరు పెట్టాను. ఆరు పాటలు, ఆరూ చావు మీదే. సుధాకర్ తప్ప మాలో ఒక్కడూ అప్పటికి శవాన్ని దగ్గర్నుంచి చూసినవాడు కాదు. నేనైతే కోడిని కోస్తుంటేనే ఇంట్లోకి పారిపోయేవాణ్ణి.

మొదటి పాట గంటతో మొదలవ్వాలని నాకు పిచ్చి పట్టుకుంది. ఊరి చర్చిలో నలభై ఏళ్లుగా గంట కొట్టేది సుధాకర్ వాళ్ల తాత ఏసుపాదం గారు. ఆ ఇంట్లో తాతా మనవడూ ఇద్దరే. అప్పటికి తాతగారు ఆయాసంతో మంచం పట్టి నెల దాటింది.

"కొడితే గబగబా కొట్టు. ఆగి ఆగి కొట్టావంటే అది చావు గంట," అన్నాడు సుధాకర్.

"చావు గంటే కదరా మనక్కావలసింది!" అన్నాను.

మిట్టమధ్యాహ్నం, ఆగి ఆగి పదిహేను దెబ్బలు కొట్టాను. పదో దెబ్బకే నాట్లేసే ఆడవాళ్లు గట్టెక్కారు. పదిహేనో దెబ్బకి ఊరంతా ఏసుపాదం గారింటి ముందుంది. మంచం పట్టినాయన ఆయనొక్కడే మరి! ఏడుపులు మొదలయ్యాయి. రైసుమిల్లు గుమాస్తా అయితే సైకిల్ మీద పూలదండే పట్టుకొచ్చేశాడు.

తాతగారు మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నారు.

"ఎవర్రా పోయింది?"

గుమాస్తా దండ వెనక్కి దాచుకుని, ఎంతో మర్యాదగా, "మీరేనండి," అన్నాడు.

జనం వెనకే వచ్చిన నేను తల దించుకుని ముందుకెళ్లాను. తిడతారనుకున్నాను. ఆయన గంజి గ్లాసు పక్కన పెట్టారు.

"అంత తొందరేంటి బాబూ? దెబ్బకీ దెబ్బకీ మధ్యన, పోయినోళ్ల మొహం ఒకసారి తలుచుకోవాలి. మొహం కనపడ్డాకే తాడు లాగాలి."

తర్వాత వాకిట్లో జనాన్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. "ఇంతమందొచ్చారా నాకోసం! నాకు నువ్వే కొట్టు బాబూ. ఇలాగే అందరూ రావాలి."

"అలాగేనండి," అని మాటిచ్చాను.

బుద్ధున్నవాడైతే అక్కడితో ఆపేవాడు. టేపు వేసి వింటే గంటకంటే కేకలే ఎక్కువున్నాయి. రెండో టేకుకి ముందు ఇంటింటికీ తిరిగి, "రేపు గంట మోగుతుందండి, రికార్డింగే, ఎవరూ రాకండి," అని చెప్పొచ్చాను. ఎవరూ రాలేదు, బస్సు హారన్ వచ్చింది. మూడో టేకుకి ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ఊరు చక్కగా అలవాటుపడిపోయింది.

తర్వాతి మంగళవారం పొద్దున్న ఏసుపాదం గారు నిజంగానే పోయారు.

తాడు నేనే పట్టుకున్నాను. ఆయన చెప్పినట్టే ఒక్కో దెబ్బకీ ఆయన మొహం తలుచుకుంటూ కొట్టాను. తప్పు లేకుండా కొట్టింది ఆ ఒక్కసారే. చేలోంచి ఒకామె నడుం నిటారుగా చేసి, "ఈసారి బాగా వచ్చిందండి బాబూ!" అని అరిచి, మళ్లీ నాట్లలో పడింది.

సైకిలెక్కి, "నిజంగానే పోయారండి," అంటూ చేల వెంట తిరిగాను. "మీ రికార్డింగులు మీరు చేసుకోండి బాబూ, మాకు నాట్లున్నాయి," అన్నారు. ఏడ్చాను. "ఏడుపు కూడా బాగానే వస్తందే బాబుగారికి!" అని నవ్వుకున్నారు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. మా నేలలో గొయ్యి తీసి ఆలస్యం చేస్తే నీళ్లూరిపోతాయి. ఇక ఆగడానికి లేదన్నారు పాస్టరుగారు. పెట్టె మొయ్యడానికి మేం నలుగురమే ఉన్నాం, "బూడిద" మొత్తం. వెనక పక్కింటి ముసలమ్మ నడిచింది. చావు మీద ఆరు పాటలు రాసినవాణ్ణి, పెట్టె ఇంత బరువుంటుందని ఒక్కదాంట్లోనూ రాయలేదు.

పెట్టె పోవడం చూసి, సంగతి తెలిసి జనం కాళ్ల బురదతోనే పరిగెత్తుకొచ్చేసరికి మట్టి కప్పేశాం. సుధాకర్ ఆ జనం వంక చూడలేదు. నా వంకే చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆల్బమ్ బయటికి రాలేదు. ఆ గంటలు రికార్డు చేసిన క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎప్పుడూ వినలేదు.

అందుకే పాఠక మహాశయులారా, నిండు సభలో శపథం చేస్తున్నాను: ఈ జన్మకి గంట ముట్టుకోను. ద్రాక్షారామం వెళ్లినా గంట జోలికి పోకుండానే దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాను. నేను గంట కొడితే, "రికార్డింగేలే," అని ఆ భీమేశ్వరుడు కూడా లేవకపోతే?