పూడ్చిపెట్టిన జ్వరాల పుస్తకం

మా బావ బోందవీన్‌ని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. నిజం! అరబ్బీ వైద్య పుస్తకాల్ని హీబ్రూలోకి ఆయనంత బాగా మార్చేవాడు మా ఊరు లూనెల్‌లో లేడు. ఆయనంతగా ప్రాణం విసిగించేవాడూ లేడు.

జ్వరాల పుస్తకానికి ఏడాది పట్టింది. మూడు పుటలు రాస్తాడు, వెంటనే నక్క కథ ఒకటి మొదలుపెడతాడు.

"బావా, ఆ నక్కని వదిలి నాడి సంగతి చూడు."

"ఎంతసేపూ జ్వరాలే రాస్తే నాకే జ్వరమొస్తుందిరా దురాన్!"

ఎలాగో పస్కా పండగ ముందు పూర్తయింది. బార్సిలోనా నుంచి అరువు తెచ్చిన అసలు పుస్తకం వెనక్కి వెళ్లిపోయింది. ఇల్లు దులుపుతున్న మైరోనా అక్క అరిచింది: "ఆ నక్క కథల చిత్తుకాగితాలు పోవాలి, లేదా నేను పోవాలి!"

దేవుడి పేరున్న కాగితాన్ని మా యూదులం పొయ్యిలో వెయ్యం. ప్రార్థనా మందిరం పెట్టెలో వేస్తాం. నిండాక శ్మశానంలో పూడుస్తారు. బావ హడావిడిగా ఓ కట్ట తీసుకెళ్లి అందులో వేసొచ్చాడు.

పండగ వెళ్లిన మర్నాడు వైద్యుడు క్రెస్కాస్ పరుగున వచ్చాడు. రంగులద్దేవాళ్ల పసిపాప జ్వరంతో మూడు రోజులుగా నిద్రపోలేదు.

"పసివాళ్లకి నల్లమందు ఎంత ఇవ్వాలి? ఆ పుట తియ్యి!"

బావ ఇంట్లో మిగిలిన కట్ట విప్పాడు. నక్క. కాకి. సింహం. మళ్లీ నక్క. జ్వరాల పుటలు ఒక్కటీ లేవు! పెట్టెలో వేసొచ్చింది వాటినే!

మందిరం చూసుకునే అస్త్రూక్ దగ్గరికి పరిగెత్తాం.

"పెట్టెనా? పండగ ముందే పూడ్చేశాను."

"తవ్వు మామా!" అన్నాను.

"పూడ్చింది తవ్వుతారట్రా? రేపు మీ తాతనీ తవ్వమంటావేం! మన గురువు రబ్బీగారు ఎల్లుండి వస్తారు, అడుగుదాం."

"ఎల్లుండి దాకా పిల్ల ఉండాలి కదా!" అన్నాడు క్రెస్కాస్.

బావ చెయ్యెత్తాడు. "ఎందుకీ గోల? నాకు కంఠతా వచ్చు. బార్లీ గింజంత."

"దారిలో రెండు గింజలన్నావు!" అన్నాను.

"రెండేనేమో... అన్నట్టు, ఆ పుట కాగానే రాసిన కథలో నక్క సింహానికి మందిస్తూ ఏమందంటే..." అంటూ కథంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

గోడకున్న పార తీసుకుని నేనే శ్మశానానికి వెళ్లి తవ్వాను. తడిసిన పుటలో ఆ వరస మాత్రం చెక్కుచెదరలేదు: అర గింజ. మించితే ప్రాణం పోతుంది.

పాప కోలుకుంది. ఊళ్లో సగం మంది మాత్రం నాతో మాట్లాడటం మానేశారు. మందిరంలో నా పక్కన ఎవరూ కూర్చోరు. బావేమో శ్మశానం తవ్విన నక్క మీద కొత్త కథ రాస్తున్నాడు!

మీరే చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?