తడిక వేసే ఉండాది

పనులెప్పుడూ ఉండేవేలే, ఆ చాప ఇట్టా లాక్కోని నా దగ్గర కూర్చోండి. మా ఆయన సంగతి చెప్తాను. మూడో తరగతితో బడి మానినదాన్ని, మాట వంకరగా ఉంటే సర్దుకోండి. గుర్తు మాత్రం వంకర పోలా.

నేను పుట్టింది ఉదయగిరి కొండ కింద, మెట్టింది ఆత్మకూరు పక్కపల్లెలో. రెండు చోట్లా గొర్రెలే. పెళ్లినాటికి ఆయన మిలట్రీలో ఉండాడు. పదిహేనేళ్లు మంచుకొండల్లో కాపలా కాసి వచ్చి, రైల్వేలో చేరినాడు. ముందు అసిస్టెంటు, తర్వాత డ్రైవరు. ఏళ్ల తరబడి గూడ్సుబండ్లు తోలి, ఆఖర్న ప్యాసింజరు కూడా తోలినాడు. మా పక్క రైలే లేదు. ఇప్పుడు రైలు పట్టాలకు కట్ట పోస్తా ఉండారుగానీ, అప్పట్లో ఇంజను చూడాలంటే నెల్లూరు పోవాల్సిందే. గొర్రెల్ని వదిలి నేను క్వార్టర్సుకు పోలేదు. రెస్టు దొరికితే ఆయనే బస్సెక్కి వచ్చేవాడు. ఆయన బండి తోలడం ఒక్కసారన్నా చూడలా నేను.

రిటైరై ఇంటికొచ్చినాకనే ఆయనతో నిజంగా కాపురం చేసినాను. అప్పుడు తెలిసింది, ఏ పని చేసినా పైకి చెప్తాడని. గ్యాసు కట్టేసి "గ్యాసు ఆపినా" అనేవాడు. పొద్దున గొర్రెలు మేతకు పోతే, దొడ్డిలో పిల్లలు మిగుల్తాయి గదా. అవి బయటికి రాకుండా తడిక వేసి, తాడు చుట్టి, చెయ్యి చాపి చూపిస్తా "తడిక వేసినా!" అని కేకేసేవాడు. కేకేసి నా పక్క చూసేవాడు.

"వేస్తే వేసినావు, నాకెందుకు చెప్తావు?"

"నువ్వూ చూసి, వేసుండాది అనాల."

"నాకు పొయ్యి మీద కూరుండాది."

"మిలట్రీలో కాపలావాడు కేకేస్తే బదులు పలక్కపోతే తుపాకి ఎత్తుతారే! నువ్వు బతికిపోయినావు పో," అని నవ్వేవాడు.

నేను పలికేదాన్ని కాదు. ఆయన నాలుగడుగులేసి ఆగి, వెనక్కి పోయి, తడిక ముట్టుకోని చూసి వచ్చేవాడు. మోకాళ్లు పట్టేసిన మనిషి. చాదస్తమనుకున్నాను.

ఒకసారి వింజమూరు నుంచి మా తమ్ముడు, వాళ్లింటి వాళ్లు వచ్చినారు. అందరూ పంచలో కూర్చోని ఉంటే ఆయన కేకేసినాడు. మా తమ్ముడు ఊరుకుంటాడా?

"ఏం బావా, ఆత్మకూరుకు రైలింకా రాలా, కూత మాత్రం ముందే వచ్చేసిందే!"

అందరూ విరగబడి నవ్వినారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో, "ఇంట్లో రైలు తోలబాకయ్యా! నీకు బదులు పలికేదానికి నేనేమన్నా నీ అసిస్టెంటునా?" అనేసినాను. ఆయన కూడా నవ్వినాడు.

తెల్లారినుంచి కేక లేదు. తడిక వేసేవాడు, నా పక్క చూసేవాడు, నోరు తెరిచేవాడు కాదు. వెనక్కి పోయి చూసొచ్చేది మాత్రం ఒకటికి మూడుసార్లయింది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున నేను గడపలో కూర్చోని చింతపండు గింజలు తీస్తా ఉండాను. తడిక వేసి, నాలుగడుగులు వచ్చి, ఆగి నన్ను చూసినాడు. నాకు తడిక తెల్లంగా కనపడతా ఉండాది. చుట్టిన తాడు కూడా కనపడతా ఉండాది. ఒక్క మాట. అనలా. వెనక్కి పోయినాడు. వచ్చినాడు, మళ్లా పోయినాడు. ఎంతసేపటికీ రాకపోతే నేనే పోయినాను. రాటకు ఆనుకోని కూర్చోని ఉండాడు, చెయ్యి తాడు మీద. గుండె ఆగిందన్నాడు డాక్టరు. తడిక వేసే ఉండాది.

పెద్దదినానికి ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసిన అబ్బాయి గూడూరు నుంచి వచ్చినాడు. ఇప్పుడు వాడికీ తల నెరిసింది. ఆకు ముందర కూర్చోని అన్నం కలపకుండా చెప్పినాడు.

"సిగ్నలు చూసి డ్రైవరు పైకి చెప్పాల వదినా, అసిస్టెంటు తన కళ్లతో చూసి తిరిగి చెప్పాల. నేను చేరిన కొత్తల్లో జోరువానలో అన్న గ్రీను అన్నాడు. నాకేమో ఎర్రగా కనపడింది. పెద్దాయనకు ఎదురు చెప్పేదానికి నోరు రాలా, గమ్మున ఉండిపోయినాను. నేను పలక్కపోయేసరికి అన్న మళ్లా చూసినాడు. చూసి బ్రేకేసినాడు. లేకుంటే బండెడు జనం..."

"బదులు రాకపోతే మనిషికి ఎట్టుంటాది అబ్బయ్యా?"

"తనదే తప్పేమోనని మళ్లా చూస్తాడు వదినా. బదులొచ్చేదాకా కుదురుండదు."

నేను లేచి వంటింట్లోకి పోయినాను.

నేను పలకనందువల్ల గుండె ఆగలేదంటారు అందరూ. ఆగే గుండె ఆగతాదిలే, నాకూ తెలుసు. కానీ పదేళ్లు రోజూ ఆ మనిషి తన కళ్లను తానే అనుమానించుకుంటా ఆ మోకాళ్లతో వెనక్కి నడిచినాడు. పలక్కుండా నడిపించింది నేను.

ఇప్పుడు తడిక నేనే వేస్తా. "తడిక వేసినా" అంటా. "వేసుండాది" అని కూడా నేనే అంటా. రెండూ ఒక నోటి మాటలే గదా, కుదురు రాదు. నాలుగడుగులేసి, వెనక్కి పోయి, ముట్టుకోని చూసొస్తా.

పొద్దుపోతా ఉండాది, ఇంక లేవండి. మీ దొడ్డి నిండాల, మీ పొయ్యి ఆరకుండా ఉండాల. మీ ఇంట్లో ఎవరు కేకేసినా, పలికే నోరు పక్కనే ఉండాల. చల్లంగా ఉండండి.