మూతి మీద దెబ్బ

ఎలీషాకి కోపం రావడం ఎవరూ చూళ్ళేదు. చెయ్యి లేవడమే చూశారు. పటమటలో చౌడయ్య బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తాడు. ఊరేగింపులో తాగొచ్చి డ్రమ్ము లాక్కున్నందుకు పెళ్ళికొడుకు బావమరిదిని కొట్టాడు. దారివ్వని లారీ డ్రైవర్ని కిందికి లాగి కొట్టాడు. చర్చిలో క్రిస్మస్ ప్రాక్టీసప్పుడు తాళం తప్పాడని సొంత తమ్ముణ్ణే కొట్టాడు. ఎవర్ని కొట్టినా మూతి మీద మాత్రం కొట్టడు. బ్యాండు వాళ్ళు తమలో తాము ఎంత తన్నుకున్నా ఆ ఒక్క చోటు వదిలేస్తారు. వీపు చిట్లినా మర్నాడు పెళ్ళికి పోవచ్చు. పెదవి చిట్లితే ఇంట్లో కూర్చోవాలి.

ఆ ఆదివారం గన్నవరంలో పెద్ద పెళ్ళి. చౌడయ్య ముందే చెప్పాడు.

"ఆ గజ్జిపట్టిన బూరతో ముందు వరసలో నిలబడకురా ఎలీషా. వాళ్ళు డ్రోనుతో వీడియో తీయిస్తున్నారు. మెరిపించుకొస్తే సరే, లేదంటే నీ చోట్లో బెన్నీ నిలబడతాడు."

బెన్నీ అదే మేళంలో కుర్రాడు. కొత్త ట్రంపెట్ కొన్నాడు. బూరని ఆకాశానికెత్తి వాయిస్తాడు, జనం ఈలలేస్తారు. ఆ ముందు వరస ఎలీషా నాన్న చచ్చేదాకా నిలబడ్డ చోటు. అది పోతే ఎలీషాకి ఇంకేమీ లేదు.

ట్రంపెట్టూ నాన్నదే. మీదున్న పాత వార్నీషు పుండు మీద పక్కులా లేచిపోయింది, లేచిన చోటల్లా చిలుం. చింతపండుతో తోమితే చిలుం పోయింది గానీ వార్నీషు కింద నలుపు కదల్లేదు. గోటితో గీకాడు. చాకుతో గీకాడు.

"బిందె తోమమంటే నడుం నొప్పంటావుగా," అని నవ్వింది పెళ్ళాం మార్త.

ఆ నవ్వుకి ఇంకా మండింది. వెళ్ళి కాస్టిక్ సోడా తెచ్చాడు.

శనివారం పొద్దున మేళం షెడ్డు ముందు, ప్లాస్టిక్ తొట్టిలో వేడినీళ్ళు పోసి కాస్టిక్ కలిపాడు. నీళ్ళు బుసకొట్టాయి. వేళ్ళతో నొక్కే పిస్టన్లు ఊడదీసే ఓపిక లేక బూరని అట్లాగే ముంచేశాడు. వార్నీషు పొరలు పొరలుగా ఊడొచ్చింది. కొబ్బరి పీచు తీసుకుని మీద పడ్డాడు. తోమడం కాదది, గొంతు పిసకడం. వేళ్ళ సందులు మండి ఎర్రబడ్డా ఆపలేదు. ఊడిన ప్రతి పొరా బెన్నీ మొహం నుంచి ఊడినట్టే ఉంది వాడికి.

పైన కడిగాడు. ఇత్తడి పచ్చగా తేలింది. లోపల గొట్టాలు కడగడానికి ఇంకో బకెట్ నీళ్ళు పడదామని, బూరని స్టూలు మీద పెట్టి కుళాయి దగ్గరికెళ్ళాడు.

అంతలో బెన్నీ వచ్చాడు. వెనకే చౌడయ్య, డ్రమ్ముల వాళ్ళూ.

"అబ్బో, ముసలమ్మకి మంగళస్నానం చేయించావా అన్నా? గొంతు మిగిలిందా, అదీ కడిగేశావా?"

బెన్నీ జేబులోంచి తన మౌత్‌పీస్ తీసి బూరకి బిగించాడు. అలవాటు ప్రకారం బూరని ఆకాశానికెత్తాడు.

ఎలీషా తల తిప్పి చూశాడు. గొట్టంలో మిగిలిన కాస్టిక్ నీళ్ళు నేరుగా బెన్నీ నోట్లోకే దిగుతాయి. తన లోపల ఎవడో "తాగనీ" అన్నాడు. ఆ మాట పూర్తిగా విన్నాడు కూడా. ఆ తర్వాతే పరిగెత్తాడు. అరవడానికి నోరు తెరవలేదు. పిడికిలి వెళ్ళి బెన్నీ మూతి మీద పడింది.

బూర ఎగిరి సిమెంటు మీద పడి నొక్కుకుపోయింది. బెన్నీ పెదవి చీలింది, ముందు పన్ను ఊడింది. ఎలీషా అక్కడితో ఆగలేదు. మెడ పట్టుకుని కుళాయి కిందికి ఈడ్చి, దవడలు నొక్కి నోట్లోకి నీళ్ళు పట్టాడు.

"ఉమ్మెయ్. మింగావో, చంపేస్తా."

బెన్నీ కాళ్ళతో తన్నుతున్నాడు. నీళ్ళు ఎర్రగా కారుతున్నాయి. డ్రమ్ముల వాళ్ళు కర్రలు తీసుకుని ఎలీషా వీపు మీద బాదుతున్నారు. "వదలరా, చస్తాడు." వీపు చిట్లింది. అయినా వదల్లేదు.

చౌడయ్య కిందపడ్డ బూర ఎత్తాడు. అందులోంచి కారిన నీళ్ళు వేళ్ళకి సబ్బులా జారి, చురుక్కుమన్నాయి. తొట్టి వైపు చూశాడు.

"ఆపండ్రా. ఇందులో ఉన్నది కాస్టిక్."

కర్రలు ఆగాయి.

"కొట్టకపోతే తాగేసేవాడండి," అన్నాడు ఎలీషా రొప్పుతూ.

"తాగేసేవాడే. 'ఒరే బెన్నీ, ఆగు' అంటే ఆగేవాడా, కాదా?"

ఎలీషా ఇంకో దోసెడు నీళ్ళు బెన్నీ నోట్లో పోశాడు.

"రేపు నువ్వూ రావొద్దు. ఇబ్రహీంపట్నం నుంచి ఎవణ్ణో తెచ్చుకుంటా. యూనిఫాం కోటు సాయంత్రంలోగా పంపించు. ఇప్పుడు మాత్రం ఆటో ఎక్కు, ఏం మందో డాక్టరుకి చెప్పాల్సింది నువ్వే."

ఆటోలో ఎలీషా తడి తువ్వాలు బెన్నీ పెదవికి అదిమి పట్టుకున్నాడు. బెన్నీ ఏడుస్తూ కొడుతున్నాడు, ముక్కు మీద, కంటి మీద, ఎక్కడ దొరికితే అక్కడ. ఎలీషా ముక్కులోంచి రక్తం చొక్కా మీదికి కారుతోంది. రెండు చేతులూ తువ్వాలు మీద నుంచి తియ్యలేదు.

"కొట్టు," అన్నాడు. "పెదవి మాత్రం కదపకు."

బెన్నీ ఇంకోటి కొట్టాడు. ఆటోవాడు అద్దంలో చూసి స్పీడు పెంచాడు.