రంగమ్మ పట్టుకున్న పాదం

నిన్న పొద్దున వార్డులో ఓ పిల్లవాడి దుప్పటి సర్దుతుంటే వాడి పాదం చేతికి చల్లగా తగిలింది. నుదురు మామూలుగానే ఉంది. నాలుగు రోజుల డెంగీ జ్వరం తెల్లారేసరికి దిగిందని తల్లి అప్పటికే సంచి సర్దుకుంది. ఆ చల్లదనం తగలగానే నాకు రంగమ్మ సిస్టర్ గుర్తొచ్చింది.

తెనాలి నుంచి కర్ణాటక సరిహద్దులో ఉన్న పావగడలోని ఓ చిన్న ఆసుపత్రికి పిల్లల డాక్టరుగా నేను వచ్చిన కొత్తలో ఆమె ఇక్కడ పెద్ద నర్సు. దగ్గర్లోని నిడుగల్లు ఊరి మనిషి, మాట కరుకు. నాకేమో కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రిపోర్టుల పిచ్చి. ఏ బిడ్డ గట్టెక్కుతుందో, ఏ బిడ్డ ప్రమాదంలో పడుతుందో ప్లేట్‌లెట్ల అంకె చూసి చెప్పేయగలనని నమ్మకం. రంగమ్మ మాత్రం కాగితం ముట్టుకోకముందే పిల్లల పాదాలు పట్టుకునేది. "ఏమ్మా, జాతకం పాదాల్లో రాసుందా?" అని ఎగతాళి చేసేవాణ్ని. ఆమె నవ్వేది కాదు.

ఆ ఏడు వల్లూరు నుంచి పల్లవి అనే ఏడేళ్ల పాపను తెచ్చారు. తండ్రి సోలార్ పార్కులో పలకలు కడిగేవాడు. ఇంటి ముందు డ్రమ్ముల్లో వారాల తరబడి నీళ్లు నిలవుండేవట, దోమలకు అంతకంటే ఏం కావాలి! ఐదో రోజు జ్వరం దిగింది. ప్లేట్‌లెట్లు కూడా మరీ తక్కువగా లేవు. "ఇంటికి పోతాం సార్. జ్వరం ఇడిస్తే తలకు యాపాకు నీళ్లు పోయాల" అంది తల్లి. ఆ స్నానం చేయిస్తేనే రోగం పూర్తిగా పోయినట్టని ఇక్కడివాళ్ల లెక్క. నేను సరేనని సంతకం పెట్టేశాను.

రంగమ్మ ఆ కాగితం తీసుకోలేదు. పాప పాదాలు రెండూ పట్టుకుని నా వైపు చూసింది.

"జ్వరం పోయింది సార్, రోగం పోలా. కాళ్లు చూడండి, మంచు మాదిరి ఉండాయి. పొద్దన్నుంచి ఒంటికి పోలా. కడుపు నొస్తాదంటాది."

నాకు కోపమొచ్చింది. అయినా రక్తపోటు చూశాను. పై అంకె, కింది అంకె దగ్గరదగ్గరికి వచ్చేశాయి. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది. ఇంకో గంటయితే ఆ పాప వల్లూరు బస్సులో ఉండేది.

సెలైన్ పెట్టాం. తండ్రి పరుగున వచ్చి, "బతుకుతాదా సార్?" అని నా చేయి పట్టుకున్నాడు. నేనేదో అంకె చెప్పబోతుంటే రంగమ్మ అడ్డొచ్చింది.

"ఇప్పుడే చెప్పలేమప్పా. గంట పోనీ, వచ్చి చెప్తా."

అన్నట్టే గంటకోసారి బయటికెళ్లి చెప్పింది. "ఇంకా చల్లగానే ఉండాయి." తర్వాత, "రవ్వంత ఒంటికి పోయింది." సాయంత్రం టీ వేళకు, "పాదం వెచ్చబడిందప్పా, నువ్వే వచ్చి పట్టుకో" అంది. ఆయన పట్టుకుని, మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు.

నీకెలా తెలిసిందని మర్నాడు అడిగాను. ఆమె మందుల ట్రే తుడుస్తూ చెప్పింది.

"మా చెల్లెలి కొడుకు సార్. జ్వరం దిగిందని నేనే తలకు నీళ్లు పోసినా. నర్సునే గదా, అంతా తెలుసనుకుంటి. కాళ్లు చల్లగుంటే, నీళ్లు పోసిన చలువ అనుకుంటి."

ఆ పిల్లవాడు దక్కలేదు. ఆ పాదాల గురించి చేసిన ఎగతాళికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆమె పోయి రెండేళ్లయింది. వార్డుకు మంచి యంత్రాలొచ్చాయి, నేను వాటినీ చూస్తాను. కానీ ఏ బిడ్డ సంగతీ ముందే తేల్చి చెప్పను. నిన్న ఆ తల్లి చేతిలో సంచి కింద పెట్టించి, పిల్లవాడికి సెలైన్ ఎక్కించాను. వరండాలో తండ్రి అదే ప్రశ్న అడిగాడు.

"గంట పోనీప్పా, వచ్చి చెప్తా" అన్నాను. నా తెనాలి మాట ఎటు పోయిందో!

మూడుసార్లు వెళ్లి చెప్పాను. నాలుగోసారి ఏమీ చెప్పకుండా ఆయన్ని లోపలికి తీసుకొచ్చి, కొడుకు వెచ్చటి పాదం ఆయన చేతిలో పెట్టాను.