ఖాళీ ఆకాశంలో పాముగద్ద

నా చిన్నప్పుడు ఇంట్లోనూ బళ్లోనూ అందరూ నన్ను మొద్దు అనేవారు. యాంగోన్‌లో మేం అప్పుడూ తాకేటా పేటలోనే ఉండేవాళ్లం. పొడుగ్గా ఉంటానని టీచరమ్మ నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టేది. బర్మా అక్షరాలన్నీ గుండ్రంగా ఉంటాయి కదా, బోర్డు మీద నాకవన్నీ ఒకేలా ఉండేవి. ఒకటి రాయమంటే ఇంకొకటి రాసేదాన్ని. ఆ ఏడు పరీక్ష తప్పాను. సెలవులయ్యాక బడి మాన్పించి కుట్టుపనిలో పెడదామని నాన్నగారు నిశ్చయించారు. ఆయన కోపిష్టి కాదు. రేవులో పగలంతా బరువులు మోసి వచ్చే మనిషి, రాని చదువు కోసం పిల్లను బాధపెట్టడం ఎందుకనుకున్నారు.

ఆ వేసవిలో మా మేనత్త నన్ను తన ఊరికి తీసుకెళ్లింది. దేశానికి ఉత్తరపు కొసన, మిచ్చీనా పట్నం దాటి, ఐరావతి ఒడ్డున ఉండేది ఆ ఊరు. మామయ్యకు కలప డిపోలో పని. ఇంటి పెరడు దాటితే అడవే. ఎండ ముదిరేసరికి కొండల మీంచి వేడిగాలి లేచేది, ఆ గాలి మీద గద్దలు తేలేవి. అత్త కోళ్లను పెంచేది. మొదట్లో కోడిపిల్లల కోసం ఆకాశం కాపలా కాసి, రానురాను ఆ పక్షుల మీదే మనసు పారేసుకుంది. తోక చీలి ఉంటే మామూలు గద్ద. గబగబా రెక్కలాడించి, కాస్త జారి, మళ్లీ ఆడిస్తే డేగ. రెక్కల కింద వెడల్పాటి తెల్ల పట్టీ కనిపిస్తే పాముగద్ద. ఇలా ఓపిగ్గా చెప్పేది.

పొద్దున్నే అత్త కూతుళ్లు, అంటే మా వదినలిద్దరూ, నేనూ పెరటి గట్టెక్కి కూర్చునేవాళ్లం. వాళ్లు డేగంటే నేనూ డేగనేదాన్ని. నాకు పైన కనబడేది తెల్లటి వెలుగు, అంతే. అందులోంచి వాళ్లు పక్షుల్ని ఎలా బయటికి తీస్తున్నారో అంతుపట్టేది కాదు. అది తెలివైనవాళ్లకే పట్టుబడే విద్య కాబోలు అనుకునేదాన్ని.

ఒకరోజు వదినలు బట్టలుతకడానికి ఏటికి వెళ్లారు. అత్త ఒక్కతే గట్టెక్కి నా పక్కన నిలబడి, ఉన్నట్టుండి చెయ్యెత్తి చూపించింది.

“అదిగోనే అమ్మీ, పాంగద్ద! రెక్కల కింద తెల్ల పట్టీ సూసావా?”

“సూసానత్తా. ఎంత తెల్లగుందో!”

అత్త మెల్లగా చెయ్యి దించింది. “అక్కడ పిట్ట నేదే తల్లీ. మబ్బు ముక్క కూడా నేదు.”

నాకు ఏడుపొచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. పక్కన చతికిలబడి నా తల దగ్గరికి తీసుకుంది.

“నిజిం సెప్పు. ఏటవతల ఆ సెట్టు నీకెలగ అవుపడతంది?”

“పచ్చటి పొగలాగ.”

“మరి ఆకులో?”

“ఆకులు దగ్గరికెల్తేనే కదత్తా అవుపడతాయి, ఎవులికైనా!”

అత్త పమిట చెంగుతో నా మొహం తుడిచి, తన కళ్లూ తుడుచుకుంది.

మర్నాడు పడవలో నన్ను పట్నం తీసుకెళ్లింది. కళ్లద్దాల కొట్లో ముసలాయన్ని ఊలే అని, అంటే బాబాయ్ అని పిలిచి, పిల్లను బాగా చూడమని పదేపదే బతిమాలింది. ఆయన అద్దాలు మార్చి మార్చి పెట్టి చివరికి ఒక జత సరిచేసి ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు పడవలో నేను నోరు మూయలేదు. చెట్ల నిండా ఆకులున్నాయి. ఒడ్డున నిలబడ్డ మనుషులకు ముక్కూ నోరూ ఉన్నాయి. ఒక మలుపులో, ఎండిపోయిన చెట్టు కొమ్మ మీద పక్షి కూర్చుని ఉంది. గుండెల మీద సన్నటి ఎర్రమట్టి రంగు అడ్డగీతలు. పసుపుపచ్చటి కాళ్లు.

“అత్తా, డేగ!”

“ఎక్కడే? నాకవుపడ్డం నేదే,” అంది అత్త, దానివైపే చూస్తూ.

నేను కొమ్మ చూపించి, గీతలు చెప్పి, తోక పొడవు చెప్పాను. అన్నీ విన్నాక, “ఔను, డేగే. నువ్వే ముందు సూసావు,” అంది. అంతవరకు ఏ విషయంలోనూ నేను ముందు అని ఎవరూ అనలేదు.

సెలవులు అయ్యాక ఆవిడే రైల్లో నన్ను యాంగోన్ తీసుకొచ్చి నాన్నగారి ముందు నిలబెట్టింది.

“ఈ గుంట మొద్దు కాదురా తమ్ముడూ. దీనికి బోర్డు అవుపడదు, అంతే.”

నాన్నగారు నా కళ్లద్దాలు తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టారు. బడి తెరిచిన రోజు ఆయనే నాతో వచ్చి, ముందు బెంచీ ఇవ్వమని టీచరమ్మను అడిగారు.

ఆ తర్వాత నేను చదువుకున్నాను. మా వీధి పిల్లలకు చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను. అత్త పోయి ఎంతో కాలమైంది. వదినలు పక్కన లేని వేళ చూసి ఆవిడ నన్ను పరీక్షించిందన్న సంగతి, నేను తల్లినయ్యాక గాని నాకు తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అందుకే ఏ పిల్ల తప్పు జవాబు చెప్పినా నలుగురిలో సరిదిద్దను. అందరూ వెళ్లాక పక్కన కూర్చోబెట్టుకుని, ఆ లెక్క తనకెలా కనిపించిందో చెప్పమంటాను. ఆ పిల్ల నోరు తెరిచేదాకా కూర్చుంటాను.